ఈడెన్ గార్డెన్స్‌లో అసలు ఎంతమంది పడతారు?

కోల్‌కతాలోని ఈడెన్ గార్డెన్స్ సామర్థ్యం ఎంత? ఈ ప్రశ్నకు తలా ఒక జవాబు చెబుతారు. 1990లలో అక్కడ మ్యాచ్‌లు చూసిన తరం గట్టిగా లక్ష అంటుంది. 2011 ప్రపంచ కప్‌కు ముందరి రాతల్లో 94,000 అని ఉంటుంది. ఆ తర్వాతి రాతల్లో 68,000, కొన్నిచోట్ల 66,000. రికార్డుల పట్టిక తెరిస్తే ఒకే ఒక్క టెస్టుకు 4,65,000 మంది వచ్చారని కనిపిస్తుంది. వీటిలో ఏదీ ఉత్త అబద్ధం కాదు. ఒక్కో సంఖ్య ఒక్కో కాలానిది. అంతకంటే ముఖ్యంగా, ఒక్కో సంఖ్య వెనుక ఉన్న ప్రశ్న వేరు. బెంచీల మీద ఎందరు సర్దుకోగలరన్నది ఒక లెక్క. ఎన్ని టికెట్లు అమ్మారన్నది ఇంకో లెక్క. అందులో ఎందరు క్షేమంగా లోపలికి వచ్చి, క్షేమంగా ఇంటికి చేరగలరన్నది మూడో లెక్క. ఈ లెక్కల మధ్య దూరం పెరిగిన ప్రతిసారీ ఈడెన్‌లో మనుషులు దెబ్బతిన్నారు, కొన్నిసార్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే స్టేడియం సామర్థ్యాన్ని గొప్పలు చెప్పుకునే అంకెగా కాకుండా జాగ్రత్తగా చదవాల్సిన అంకెగా చూడాలని నా అభిప్రాయం.

సైన్యం నేల మీద క్రికెట్

1836 నుంచి 1842 వరకు భారత గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ ఆక్లండ్ అసలు పేరు జార్జ్ ఈడెన్. ఆయన అక్కచెల్లెళ్లు ఎమిలీ, ఫానీ కలకత్తాలో ఉన్న రోజుల్లో హుగ్లీ ఒడ్డున రూపుదిద్దుకున్న తోటకు ఆ ఇంటి పేరు నిలిచిపోయింది. 1850లలో బర్మాలోని ప్రోమ్ నుంచి తెచ్చి నిలబెట్టిన పగోడా ఇప్పటికీ ఆ తోటలోనే ఉంది. పక్కనే క్రికెట్ మైదానం 1864లో ఏర్పడింది. కలకత్తాలో క్రికెట్ అంతకంటే పాతది; కలకత్తా క్రికెట్ క్లబ్ ప్రస్తావన 1792 నాటికే దొరుకుతుంది.

సామర్థ్యం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి ఈ నేల ఎవరిదన్నది. ప్లాసీ యుద్ధం తర్వాత కట్టిన కొత్త ఫోర్ట్ విలియం చుట్టూ ఫిరంగులకు అడ్డు లేకుండా ఉండాలని ఇంగ్లీషువాళ్లు అడవిని నరికించి ఖాళీగా ఉంచిన జాగాయే కోల్‌కతా మైదాన్. ఆ భూమి ఈనాటికీ సైన్యం అధీనంలోనే ఉంది. క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ అక్కడ లీజుదారు మాత్రమే. ఇటు హైకోర్టు, అటు ఆకాశవాణి భవనం, ఇంకోపక్క నేతాజీ ఇండోర్ స్టేడియం, కాస్త దూరంలో బాబూఘాట్, నది. ఊరి బయట వందల ఎకరాలు తీసుకుని కట్టిన స్టేడియాలకూ దీనికీ ఇక్కడే తేడా. ఈడెన్ పైకి పెరగగలదు తప్ప పక్కలకు పెరగలేదు. పైకి పెరగడానికి కూడా స్థలం యజమాని ఒప్పుకోవాలి.

ఇక్కడ మొదటి టెస్టు 1934 జనవరి 5న మొదలైంది. ప్రత్యర్థి ఇంగ్లండ్, కెప్టెన్ డగ్లస్ జార్డిన్. మన కెప్టెన్ కఠారి కనకయ్య నాయుడు, అంటే సి.కె. నాయుడు. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబం ఆయనది, పుట్టింది నాగపూర్‌లో. ఆ మ్యాచ్ డ్రాగా ముగిసింది. జట్టు ఎంపికలో కూడా తన మాట వినాలని పట్టుబట్టే జనంగా కలకత్తా ప్రేక్షకులు త్వరలోనే పేరు తెచ్చుకున్నారు. 1945లో ఆస్ట్రేలియా సర్వీసెస్ జట్టుతో మ్యాచ్‌కు ముస్తాక్ అలీని పక్కన పెడితే, ముస్తాక్ లేకపోతే టెస్టే లేదంటూ గొడవ చేసి ఆయన్ను మళ్లీ జట్టులోకి రప్పించుకున్నారు. ఇంత పట్టుదల ఉన్న జనానికి, ఇంత పరిమితమైన చోటుకు మధ్య లెక్క కుదరని రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఊహించడం కష్టమేమీ కాదు.

మూడు దుర్ఘటనలు, మూడు రకాల వైఫల్యం

ఆ రోజు 1967 జనవరి 1. వెస్టిండీస్‌తో టెస్టు, రెండో రోజు. అటు కెప్టెన్ గ్యారీ సోబర్స్, ఇటు కెప్టెన్ పటౌడీ. ఉన్న సీట్లకు మించి టికెట్లు అమ్ముడయ్యాయి. చేతిలో టికెట్ ఉండి కూర్చునే చోటు లేనివాళ్లు గట్ల మీది నుంచి దిగి బౌండరీ పక్కన గడ్డి మీద చేరారు. పోలీసులు లాఠీలతో వెనక్కి నెట్టారు. జనం తిరగబడ్డారు, బాష్పవాయువు పేలింది, స్టాండ్లకు నిప్పంటుకుంది, ఆటగాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మైదానం విడిచారు. ఆ రోజు ఆట సాగలేదు. ఆ తర్వాత మ్యాచ్ కొనసాగి వెస్టిండీస్ ఇన్నింగ్స్ 45 పరుగుల తేడాతో గెలిచింది. ఈ సంఘటనను కలకత్తా జనం ఆవేశానికి ఉదాహరణగా చెప్పడం అలవాటైంది. నేను దాన్ని ఒప్పుకోను. డబ్బు చెల్లించి టికెట్ కొన్న మనిషికి కుర్చీ ఇవ్వలేకపోయిన నిర్వహణది మొదటి తప్పు.

రెండోది 1969 డిసెంబరు 16. బిల్ లారీ నాయకత్వంలోని ఆస్ట్రేలియాతో టెస్టు, నాలుగో రోజు. ఆ రోజు ఆటకు ఇచ్చే టికెట్ల కోసం జనం రాత్రంతా వరుసల్లో కాచుకుని ఉన్నారు. తెల్లవారేసరికి తోపులాట తొక్కిసలాటగా మారి 6 మంది చనిపోయారు. వీళ్లలో ఎవరూ స్టేడియం లోపల అడుగు పెట్టలేదన్నది గమనించాలి. స్టాండ్లలో ఎన్ని కుర్చీలున్నాయన్న లెక్క వీళ్లను కాపాడగలిగేది కాదు. కావలసింది గేటు బయట జనం నిలబడే చోటు, వరుసను నడిపించే పద్ధతి.

మూడోది క్రికెట్ కాదు. 1984లో సాల్ట్‌లేక్ స్టేడియం తెరిచేదాకా కలకత్తా పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కొన్ని ఈడెన్‌లోనే జరిగేవి. పీలే న్యూయార్క్ కాస్మోస్ తరఫున మోహన్ బగాన్‌తో ఆడింది కూడా ఇక్కడే, 1977 సెప్టెంబరులో. ఆట 2-2తో సమమైంది. 1980 ఆగస్టు 16న మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడ్డాయి. రెండు జట్ల అభిమానులూ ఒకే స్టాండులో కలిసి కూర్చున్నారు. మైదానంలో ఆటగాళ్ల మధ్య రేగిన గొడవ గ్యాలరీకి పాకింది. రాళ్లు పడుతుంటే తప్పించుకోవడానికి ఒక్కసారిగా బయటికి పరుగెత్తిన జనంలో 16 మంది మరణించారు. బెంగాల్‌లో ఆ తేదీని ఇప్పటికీ ఫుట్‌బాల్ అభిమానుల దినంగా జరుపుకుంటారు, ఆ రోజు రక్తదాన శిబిరాలు పెడతారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక విషయం స్పష్టమవుతుంది. మొదటిసారి కూర్చునే చోటు చాలలేదు. రెండోసారి లోపలికి వచ్చే దారి చాలలేదు. మూడోసారి బయటికి పోయే దారి చాలలేదు. కానీ మనం సామర్థ్యం అన్నప్పుడు మొదటిదాన్ని ఒక్కదాన్నే లెక్కపెడతాం.

సున్నాలు చెప్పే సంగతి

1987 ప్రపంచ కప్ ఉపఖండానికి రావడంతో ఈడెన్ పెద్దదైంది. ఫైనల్ ఇక్కడే, నవంబరు 8న. అలన్ బోర్డర్ బౌలింగ్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ గాటింగ్ రివర్స్ స్వీప్‌కు పోయి ఔటవడం, ఆస్ట్రేలియా 7 పరుగుల తేడాతో తొలిసారి ప్రపంచ విజేత కావడం అందరికీ తెలిసినవే. ఆ రోజు ప్రేక్షకులు 95,000 అని ఎక్కువగా రాస్తారు. 1991 నవంబరు 10న దక్షిణాఫ్రికా రెండు దశాబ్దాల బహిష్కరణ తర్వాత మళ్లీ అంతర్జాతీయ క్రికెట్‌లోకి అడుగుపెట్టింది ఈడెన్‌లోనే. ఆ జట్టు కెప్టెన్ క్లైవ్ రైస్. అలన్ డొనాల్డ్ 29 పరుగులకు 5 వికెట్లు తీసినా గెలుపు మనదే. బహిష్కరణ నుంచి బయటపడిన జట్టుకు అంత జనం స్వాగతం చెప్పడం ఈ మైదానం చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం.

ఈ కాలంలోనే లక్ష అన్న మాట స్థిరపడింది. అది ఎంతవరకు నిజం? ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయాలి.

ఒక టెస్టుకు అత్యధికంగా జనం వచ్చిన రికార్డు 1999 ఫిబ్రవరి నాటి భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌ది: 4,65,000. ఈ సంఖ్య ఎలా వచ్చిందో చూడండి. మొదటి నాలుగు రోజులు రోజుకు లక్ష, చివరి రోజు 65,000. నాలుగు లక్షలకు అరవై అయిదు వేలు కలిపితే రికార్డు తయారైంది. అంతకుముందు 1982 జనవరిలో ఇంగ్లండ్‌తో ఇక్కడ జరిగిన టెస్టుకు చెప్పే సంఖ్య 3,94,000. అయిదు రోజులకు పంచితే రోజుకు దాదాపు 79,000. 1987 విస్తరణకు ముందు ఈడెన్‌లో 40,000 మందే పట్టేవారని కొన్నిచోట్ల రాస్తున్నారు. 1982 నాటి సంఖ్యలో నాలుగో వంతు కొట్టేసినా సరే, ఆ మాట పొసగదు.

దీన్ని మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌తో పోల్చండి. 1936-37లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ ఆడిన యాషెస్ టెస్టుకు అక్కడ వచ్చినవాళ్లు 3,50,534 మంది. 2024 డిసెంబరులో మన జట్టు ఆడిన బాక్సింగ్ డే టెస్టుకు 3,73,691 మంది. చివరి అంకె దాకా ఉన్న సంఖ్యలు ఇవి, ఎందుకంటే ప్రతి మనిషీ గేటు దగ్గర లెక్కలోకి వస్తాడు. మూడు సున్నాలతో ముగిసే సంఖ్య కనబడితే అది ఎవరో గ్యాలరీ నిండిందని చూసి, నిండితే ఎంతో తమకు తెలిసిన అంచనాను రాసినదని అర్థం చేసుకోవాలి. ఈడెన్ రికార్డు అబద్ధమని నేను అనడం లేదు. ఆ అయిదు రోజులూ అంత జనం ఉన్నారనడానికి చూసిన కళ్లు చాలానే సాక్ష్యం ఇస్తాయి. రెండు రకాల సంఖ్యలను ఒకే పట్టికలో పైన ఒకటి, కింద ఒకటి పెట్టి పోల్చేటప్పుడు ఒకటి అంచనా, ఇంకొకటి లెక్కింపు అన్న ఎరుక ఉండాలి. అంతే.

ఆ లక్ష మంది ఉన్న ఈడెన్‌ను ప్రేమించినవాళ్లలో మన హైదరాబాదీలు ఇద్దరి పేర్లు చెప్పకుండా ముందుకు పోలేను. మహమ్మద్ అజహరుద్దీన్ 1984 చివరి రోజున మొదలైన టెస్టుతో ఇక్కడే అరంగేట్రం చేసి 110 పరుగులు కొట్టాడు. ఈ మైదానంలో ఆడిన 7 టెస్టుల్లో 5 సెంచరీలు సాధించాడు. వి.వి.ఎస్. లక్ష్మణ్ ఇక్కడ 10 టెస్టుల్లో 5 సెంచరీలతో 1,217 పరుగులు చేశాడు. 2001 మార్చి 14న, ఫాలో ఆన్ ఆడుతున్న, అంటే తొలి ఇన్నింగ్స్‌లో బాగా వెనుకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగిన జట్టు తరఫున, ద్రావిడ్‌తో కలిసి రోజంతా వికెట్ పడకుండా ఆడిన ఆట, ఆ ఇన్నింగ్స్‌లో 281, ఇద్దరి మధ్య 376 పరుగుల భాగస్వామ్యం, వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడిపోవడం తెలిసిన కథే. ఆ జట్టు మీద ఆ గ్యాలరీ ఒత్తిడి ఎంత పనిచేసిందో ఆనాటి ఆటగాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు.

అదే గ్యాలరీ రెండుసార్లు అదుపు తప్పింది. 1996 మార్చి 13న ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో శ్రీలంక నిర్దేశించిన 252 లక్ష్యం ముందు మన జట్టు 120 పరుగులకే 8 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు సీసాలు పడ్డాయి, స్టాండ్లలో మంటలు లేచాయి. మ్యాచ్ రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట ఆపి శ్రీలంకకు విజయం ప్రకటించాడు. 1999లో పాకిస్తాన్‌తో ఆ రికార్డు టెస్టులోనే, పరుగు తీస్తూ షోయబ్ అక్తర్‌ను ఢీకొన్న సచిన్ టెండూల్కర్ రనౌట్ అయినప్పుడు జనం రగిలిపోయారు. సచిన్, అప్పటి ఐసీసీ అధ్యక్షుడు జగ్‌మోహన్ దాల్మియా మైదానం చుట్టూ తిరిగి శాంతపరచవలసి వచ్చింది. మర్నాడు మళ్లీ అదే. చివరికి పోలీసులు గ్యాలరీలన్నీ ఖాళీ చేయించారు. అందుకు మూడు గంటలకు పైగా పట్టింది. నాలుగు రోజులు లక్షేసి మంది చూశారని చెప్పే మ్యాచ్ చివరి వికెట్‌ను చూసింది ఏ రెండు వందల మందో. ఆ మూడు గంటలను గుర్తుపెట్టుకోండి, ఆ అంకె మళ్లీ కావాలి.

బెంచీ పోయి కుర్చీ వచ్చింది

2011 ప్రపంచ కప్ కోసం ఈడెన్‌ను మళ్లీ కట్టినంత పని చేశారు. కొత్త పైకప్పు, కొత్త బయటి గోడలు, క్లబ్ హౌస్‌కు, ఆటగాళ్ల గదులకు మరమ్మతులు, ప్రేక్షకులకు విడివిడి కుర్చీలు. పని అనుకున్న వేళకు పూర్తికాకపోవడంతో ఫిబ్రవరి 27న ఇక్కడ జరగాల్సిన భారత్, ఇంగ్లండ్ మ్యాచ్ బెంగళూరుకు తరలిపోయింది. రెండు జట్లూ 338 పరుగులు చేసి టై అయిన ఆ మ్యాచ్‌ను కోల్‌కతా అలా పోగొట్టుకుంది. పని పూర్తయ్యాక తేలిన సామర్థ్యం సుమారు 68,000. అంతకుముందు సుమారు 94,000. స్టేడియం పునర్నిర్మించి పాతిక వేలకు పైగా చోట్లు పోగొట్టుకోవడమేమిటని అప్పట్లో చాలామంది బాధపడ్డారు.

ఆ బాధకు జవాబు ఒక చిన్న గుణకారంలో ఉంది. పది మీటర్ల పొడవున్న సిమెంటు మెట్టును ఊహించుకోండి. మనిషికి 36 సెంటీమీటర్ల చొప్పున సర్దుకుంటే దాదాపు 28 మంది పడతారు. సంక్రాంతి రద్దీలో పల్లెకు పోయే బస్సు సీటు మీద ముగ్గురి చోట నలుగురు కూర్చున్నట్టు ఉంటుంది ఆ కూర్పు. మనిషికి 50 సెంటీమీటర్లు ఇస్తే, అంటే మామూలు ప్లాస్టిక్ కుర్చీకి పట్టేంత, 20 మందే పడతారు. తగ్గుదల సుమారు 28 శాతం. 94,000 నుంచి 68,000కి తగ్గుదల కూడా సుమారు 28 శాతమే. ఇది నేను వేసిన ఉజ్జాయింపు లెక్క. నిజమైన నిర్మాణంలో వరుసల మధ్య దూరం, నడిచే దారుల వెడల్పు, పెట్టెల్లాంటి ఖరీదైన గదులు అన్నీ చేరతాయి. అయినా, ఒక్క అంగుళం నేల తగ్గకపోయినా ఒక స్టేడియం పాతిక శాతానికి మించి ఎలా కుదించుకుపోగలదో ఇది చూపిస్తుంది. పోయినవి చోట్లు కావు, ఇరుకు.

ఇంకో కారణం కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుతారు. 1993లో హీరో కప్ సందర్భంగా ప్రసార హక్కులపై ఈడెన్‌ను నడిపే బెంగాల్ సంఘానికీ కేంద్ర ప్రభుత్వానికీ వివాదం వచ్చింది. ఈడెన్‌లో తొలిసారి ఫ్లడ్‌లైట్లు వెలిగినది, సెమీఫైనల్ చివరి ఓవర్లో సచిన్ 6 పరుగులు కాపాడినది, ఫైనల్లో కుంబ్లే 12 పరుగులకు 6 వికెట్లు తీసినది ఆ టోర్నీలోనే. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ప్రసారాలకు వాడే తరంగాలు ప్రజల ఆస్తి అని, ప్రసారం ప్రభుత్వ గుత్తాధిపత్యం కాదని 1995లో కోర్టు చెప్పింది. దాంతో టీవీ హక్కుల సొమ్ము క్రికెట్‌కు ప్రధాన ఆదాయమైంది. టికెట్ల మీద బతికే రోజుల్లో ఒక్కో బెంచీ మీద ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టడం సంఘాలకు అవసరం. ఆ అవసరం తీరిపోయాక, తక్కువ కుర్చీలు ఉన్నా నష్టం లేకుండా పోయింది.

నాలుగు సంఖ్యలు, అందులో చిన్నది

స్టేడియంలో ఎందరిని అనుమతించాలన్న ప్రశ్నకు స్పష్టమైన పద్ధతి బ్రిటన్‌లో తయారైంది, అదీ శవాలు లేచాకే. 1971 జనవరిలో గ్లాస్గోలోని ఇబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద 66 మంది నలిగిపోయి చనిపోయారు. ఆ తర్వాత 1973లో వచ్చిన భద్రతా మార్గదర్శిని అక్కడివాళ్లు గ్రీన్ గైడ్ అంటారు. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో విషాదం, అందులో పోయిన 97 ప్రాణాలు, దాన్ని ఇంకా కఠినం చేశాయి.

గ్రీన్ గైడ్ నాలుగు సంఖ్యలు లెక్కించమంటుంది. ఒక గంటలో గేట్ల గుండా ఎందరు లోపలికి రాగలరు. లోపల ఎందరు కూర్చోగలరు. మామూలుగా ఆట ముగిశాక ఎందరు బయటపడగలరు. ప్రమాదం జరిగితే ఎందరు తప్పించుకోగలరు. నాలుగింటిలో ఏది చిన్నదైతే అదే స్టేడియం సామర్థ్యం. లక్ష కుర్చీలున్నా గేట్లు గంటకు 50,000 మందినే పంపగలిగితే, దాని సామర్థ్యం 50,000.

ఇప్పుడు ఆ కొలమానాన్ని ఈడెన్ అంత పెద్ద మైదానానికి పెట్టి చూద్దాం. ఒక తిరుగుడు గేటు గుండా గంటకు 660 మందికి మించి పోలేరని ఆ పుస్తకం అంటుంది. 66,000 మందికి సరిగ్గా 100 గేట్లు కావాలి. లక్ష మందికి 152. బయటికి వెళ్లడానికి గరిష్ఠంగా 8 నిమిషాలు. మెట్ల మీద ఒక మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది. అంటే 8 నిమిషాల్లో మీటరుకు 528 మంది. 66,000 మందికి అన్ని మెట్లూ కలిపి 125 మీటర్ల వెడల్పు ఉండాలి. లక్ష మందికి 189 మీటర్లు. దీని పక్కన 1999లో గ్యాలరీలు ఖాళీ చేయడానికి పట్టిన మూడు గంటలను పెట్టి చూడండి. ఆ రోజు జనం వెళ్లడానికి మొరాయించారు, అందుకే ఆలస్యమైందన్నది నిజమే. అదే సమయంలో నిజంగా మంటలు పెద్దవై ఉంటే?

కూర్చునే సామర్థ్యాన్ని కూడా ఆ మార్గదర్శి యథాతథంగా ఒప్పుకోదు. కట్టడం ఎంత పటిష్ఠంగా ఉంది, జనాన్ని నడిపించే ఏర్పాటు ఎంత బాగుంది అన్న రెండింటికీ సున్నా నుంచి ఒకటి దాకా మార్కులు వేసి, వాటితో సీట్ల సంఖ్యను తగ్గిస్తుంది. 68,000 సీట్లున్న చోట నిర్వహణకు 0.8 మార్కు వస్తే 54,400 మందినే అనుమతించాలి. 1967 జనవరి 1 నాటి నిర్వహణకు ఈ కొలమానంతో ఎంత మార్కు వచ్చేదో చెప్పనక్కర్లేదు.

మనకు దగ్గరి ఉదాహరణలకు కలకత్తా దాకా పోనక్కర్లేదు. 2022 సెప్టెంబరు 22న భారత్, ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. మ్యాచ్ జరగాల్సింది ఉప్పల్‌లో, జనం నలిగింది సికింద్రాబాద్‌లో. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట విజయోత్సవానికి వచ్చిన జనంలో 11 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ క్రికెట్ మ్యాచ్ కూడా లేదు. 1969 నాటి ఈడెన్ వరుసకూ ఈ రెండింటికీ మధ్య అర్ధశతాబ్దం గడిచింది, జరిగిన తీరు మాత్రం ఒకటే. లోపల ఉన్న సీట్లను లెక్కపెట్టారు, బయట నిలబడేవాళ్లను లెక్కపెట్టలేదు.

పెద్దదన్న పేరు ఇప్పుడు ఎవరిది

సంఖ్యల్లో ఈడెన్ మొదటి స్థానం ఎప్పుడో పోయింది. మెల్‌బోర్న్ సామర్థ్యం 1,00,024. అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియానిది 1,32,000. అక్కడ 2022 ఐపీఎల్ ఫైనల్‌కు వచ్చినవాళ్లు 1,01,566 మంది అన్నది గిన్నిస్ గుర్తించిన రికార్డు. 2023 ప్రపంచ కప్ ఫైనల్‌కు, స్వదేశంలో మన జట్టు ఆడుతుండగా, హాజరు 92,453. సామర్థ్యానికీ హాజరుకూ మధ్య దాదాపు 40,000 తేడా. కాబట్టి ఎక్కడైనా సామర్థ్యం అన్న అంకె చూసి అంతమంది వచ్చారని అనుకోకూడదు. బ్యాటర్‌కు బంతి స్పష్టంగా కనిపించాలని పెట్టే సైట్ స్క్రీన్ వెనక వదిలేసే సీట్లు, కెమెరాలకు, భద్రతా సిబ్బందికి కేటాయించేవి, ఆట సరిగా కనిపించక అమ్మనివి ప్రతి స్టేడియంలోనూ ఉంటాయి. ఇక సామాన్యుడికి అమ్మే టికెట్ల సంఖ్య ఇంకా చిన్నది. మన దేశంలో సంఘ సభ్యులకు, అనుబంధ క్లబ్బులకు, స్పాన్సర్లకు, ప్రభుత్వ శాఖలకు పోగా మిగిలినవే కౌంటరుకు, ఆన్‌లైన్‌కు వస్తాయి. 66,000 సామర్థ్యమున్న చోట అభిమానికి టికెట్ ఎందుకు దొరకడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే. ఏ మ్యాచ్‌కు ఎన్ని టికెట్లు బహిరంగంగా అమ్మకానికి పెట్టారో ముందే ప్రకటించాలన్న నియమం ఉంటే సామర్థ్యం గురించిన గందరగోళంలో చాలా భాగం తీరిపోతుంది.

లక్ష పట్టిన ఈడెన్‌ను కోల్పోయామని బాధపడేవారితో నాకు తగవు లేదు. ఆ హోరు మళ్లీ రాదు. కానీ 68,000 మంది కూర్చున్న ఈడెన్‌లోనే 2014లో రోహిత్ శర్మ 264 కొట్టాడు, 2016 టీ20 ప్రపంచ కప్ ఫైనల్ చివరి ఓవర్లో కార్లోస్ బ్రాత్‌వైట్ వరుసగా నాలుగు సిక్సర్లు బాదాడు, 2019 నవంబరులో దేశంలోనే తొలి డే నైట్ టెస్టు గులాబీ బంతితో జరిగింది. ఆ గొంతుల్లో తక్కువేమీ వినిపించలేదు.

ఈడెన్‌ను మళ్లీ పెంచాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. పెంచడం తప్పు కాదు. బెంగాల్‌లో క్రికెట్ చూడాలనుకునే వాళ్లు 68,000 మందికంటే ఎంతో ఎక్కువే. అయితే పైన చూసిన లెక్కే ఇక్కడా పెట్టాలి. అదనంగా చేర్చే ప్రతి 10,000 సీట్లకు కనీసం 16 గేట్లు, 19 మీటర్ల వెడల్పు మెట్లు కావాలి. మెట్లను స్టేడియం లోపలే ఎలాగో ఇరికించవచ్చు. గేట్ల ముందు నిలబడే పదివేల మందికి చోటు మాత్రం స్టేడియం బయట, మైదాన్ మీద దొరకాలి, అది సైన్యం భూమి. అక్కడ జనం ఎటునుంచి వస్తారు, ఎక్కడ ఆగుతారు, అంబులెన్సు ఏ దారిన పోతుంది అన్నవి కొత్త అంతస్తు నమూనా గీయకముందే సైన్యంతో, పోలీసులతో కూర్చుని తేల్చుకుని, కాగితం మీద పెట్టి ప్రజలకు చూపించాలి.